మాట్లాడని గూఢచారి

కైలాసం సారుకు కోపం ఎక్కువని వికారాబాద్ హైస్కూల్లో బెంచీలకు కూడా తెలుసు. కానీ ఆ కోపంలో ఇన్ని రకాలున్నాయని ఆయనకే తెలియదు, కిషన్ లండన్ నుంచి తిరిగొచ్చి అక్కడ చూసిన టెలివిజన్ కథ చెప్పడం మొదలుపెట్టేదాకా.

సారు తెలుగు పండితుడు. పదేళ్లకు పైగా హైదరాబాద్ రేడియో స్టేషన్‌కు నాటకాలు పంపుతున్నాడు. పంపినవి పంపినట్టే తిరిగొస్తున్నాయి. అన్నీ పురాణ కథలే. వాటిలో ప్రతివాడూ నిలబడి ఆగకుండా మాట్లాడతాడు, ఒక్కడూ ఏ పనీ చెయ్యడు. సారు కోరిక మాత్రం చాలా చిన్నది. నాటకం అయిపోయాక ఆ అనౌన్సరు నిండైన గొంతుతో "రచన" అని, కాస్త ఆగి, "కైలాసం" అనాలి. అది తను చెవులారా వినాలి. వికారాబాద్‌లో, తాండూరులో, నవాబుపేటలో, పంచాయతీ రేడియో ఉన్న ప్రతి ఊళ్లో ఆ పేరు ఒక్కసారి వినబడితే చాలు. దీన్ని కీర్తి కండూతి అంటారా, అనుకోండి. సారు కాదనడు.

అరవై ఏడులో ఓ రోజు స్టేషన్లో నాటకాల ప్రొడ్యూసర్ గారు ఆయన్ను ఎదురుగా కూచోబెట్టుకుని ఉన్నమాట చెప్పేశాడు. ప్రొడ్యూసర్ గారిది గుంటూరు వైపు.

"మాష్టారూ, మీ రాజులూ ఋషులూ ఇంకా ఎన్నాళ్లు ఉపన్యాసాలిస్తారండీ? కుర్రాళ్లు రేడియో కట్టేసి, రైల్వే స్టేషన్లో గూఢచారి పుస్తకాలు కొనుక్కుంటున్నారు. అలాంటిదేదన్నా ఉంటే తీసుకురండి, చూద్దాం."

సారుకు చిర్రెత్తుకొచ్చింది. బయటికొచ్చి బస్సెక్కి, మొయినాబాద్ దాటేదాకా పళ్లు నూరుతూనే ఉన్నాడు. చేవెళ్ల దగ్గర మాత్రం ఆయనకు కిషన్ గుర్తొచ్చాడు.

కిషన్ తాండూరు వాడు. సారు తాండూరు బడిలో పనిచేసినప్పుడు వాడు ఆయన శిష్యుడు. వాళ్లది కందుల వ్యాపారం, సొంత పప్పు మిల్లు. తండ్రి పోయాక మిల్లు అన్న చూసుకుంటుంటే, తల్లి కస్తూరమ్మ చిన్నకొడుకును ఇంజనీరు చెయ్యాలని లండన్ పంపింది. నాలుగేళ్లుండి ఈమధ్యే వచ్చాడు. సర్టిఫికెట్ వెనక ఓడలో వస్తోందని చెప్పాడట. ఆ ఓడ ఎంత నెమ్మదిగా వస్తోందో గాని ఇంకా రాలేదు. తాండూరులో ఎవరింట్లో పెళ్లయినా, బారసాలయినా కిషన్‌ను మధ్యలో కూచోబెట్టుకుని లండన్ ముచ్చట్లు చెప్పించుకుంటున్నారు. అందులో ఒకటి టెలివిజన్. చెక్కపెట్టెకు అద్దం, అద్దంలో మనుషులు. అందులో వారం వారం వచ్చే ఒక గూఢచారి కథ ఉందని, అది చూస్తుంటే అన్నం నీళ్లు గుర్తుండవని కిషన్ చెప్పాడు.

మర్నాడే సారు తాండూరు పాసింజరు ఎక్కాడు.

"ఆరు వారాల కథ సార్," అన్నాడు కిషన్. "మస్తుంటది. జెప్త, రాసుకోండ్రి."

'విదేశీ టెలివిజన్ కథకు రేడియో అనుసరణ' అన్న మాట వినగానే ప్రొడ్యూసర్ గారి మొహం వెలిగింది. టెలివిజన్ అనే వస్తువును ఆయనా చూడలేదు, స్టేషన్లో ఇంకెవరూ చూడలేదు. అందుకే ఒప్పుకున్నాడు. ఆరు భాగాలు, వారానికొకటి, ఒక్కోటి పదిహేను నిమిషాలు. టైము తక్కువ కాబట్టి రచయిత పేరూ, నటుల పేర్లూ ఆఖరి భాగం అయ్యాకే చదువుతామన్నాడు. మొదటి రెండు భాగాలు ముందే ఇచ్చి, మిగతావి వారం వారం అందివ్వాలని కట్టడి. సారు రెండు చేతులా దణ్ణం పెట్టి ఒప్పుకున్నాడు. ఆయన కష్టాలు అక్కణ్ణించి మొదలయ్యాయి.

ప్రతి ఆదివారం కస్తూరమ్మ వాళ్ల వాకిట్లో కందుల బస్తాల పక్కన కిషన్ ఒక భాగం చెప్పేవాడు. చెప్పేవాడు అనకూడదు, చేసేవాడు. లేచి నడిచేవాడు. తలుపు తీసేవాడు. వెనక్కి తిరిగి చూసేవాడు. కనుబొమ్మ పైకి లేపేవాడు.

"గూఢచారి లోపలికొచ్చిండు సార్. ఇంటి ఓనరమ్మ ఆడ కూసున్నది. వాడు గిట్ల జూసిండు."

కిషన్ చూశాడు.

"ఆమె గిట్ల జూసింది."

కిషన్ మళ్లీ చూశాడు.

"మరి ఏమన్నది?" అన్నాడు సారు, పెన్ను పట్టుకుని.

"ఏమంటది సార్, అంత ఆ చూపులనే ఉంది."

"ఒరే, రేడియోల చూపు ఇనబడదురా. ఏమన్న మాట్లాడిండ్రా లేదా?"

"మాట్లాడిండ్రు. గని అదేమంత ముఖ్యం గాదు."

ముఖ్యం కాదట. రేడియో నాటకం రాసేవాడితో మాటలు ముఖ్యం కాదనడం, బట్టలు కుట్టేవాడితో బట్ట ముఖ్యం కాదన్నట్టు ఉంటుంది. సారు కాగితం మీద 'కనుబొమ్మ' అని రాసుకుని, దాని కింద రెండు గీతలు గీసి, ఆ గీతలమీదే కాగితం చిరిగేదాకా గీశాడు. జీవితమంతా మాట్లాడేవాళ్లను రాసినందుకు దేవుడు తనకు ఈ నోరు తెరవని గూఢచారిని పంపాడనుకున్నాడు.

పోనీ, మాటలు తనే రాసుకుందామని కూచున్నాడు. గూఢచారికి ప్రతాప్ అని పేరు పెట్టాడు. ప్రతాప్ రహస్యంగా ఒక గదిలోకి చొరబడి కాగితాలు వెతకాలి. గదిలో ఇంకెవరూ లేరు. ఎవరూ లేనప్పుడు ఎవరితో మాట్లాడతాడు? అందుకని తనలో తను మాట్లాడుకుంటాడని రాసుకుపోయాడు. మొదటి భాగం చూసి ప్రొడ్యూసర్ గారు కళ్లజోడు తీసి బల్లమీద పెట్టాడు.

"మాష్టారూ, శత్రువులు పక్కగదిలో ఉన్నారు కదండీ. 'నేనిప్పుడు బీరువా వెనక దాక్కుంటున్నాను' అని వీడు అంత గట్టిగా చెబుతుంటే, వాళ్లేమన్నా చెవిటివాళ్లా?"

ఇంకో తంటా మారువేషం. కిషన్ చెప్పిన కథలో ప్రతాప్ మాటిమాటికీ గడ్డం అంటిస్తాడు, టోపీ మారుస్తాడు, పాదిరీ అవుతాడు, పాలవాడు అవుతాడు. టెలివిజన్‌లో బాగానే ఉంటుంది కాబోలు. రేడియోలో గడ్డం ఎవడికి కనబడుతుంది? ప్రతాప్ అదే గొంతుతో మాట్లాడితే, గుర్తుపట్టని శత్రువులు ఉత్త వెర్రివాళ్లనిపిస్తారు. గొంతు మారిస్తే, వినేవాళ్లు వీడెవడో కొత్తవాడనుకుంటారు. ఈ చిక్కుముడితో సారు తల పట్టుకుని, ఇంట్లో ఎవరు పలకరించినా కసురుతూ నాలుగు దినాలు తిరిగాడు.

సారు భార్య పుష్పమ్మకు ఒక అలవాటుంది. మన వైపు కథ చెప్పేటప్పుడు వినేవాళ్లు ఊ కొట్టాలి కదా. ఆమె సారు నాటకాలు చదువుతుంటే పొయ్యి వైపు తిరిగి రొట్టెలు చేసుకుంటూనే ఊ కొడుతుంది. ఊ ఆగిందంటే కథ ఆమెకు అందలేదన్నమాట. పురాణ నాటకాలకు ఆమె నిద్రలో కూడా ఊ కొట్టేది. ఈ గూఢచారి దగ్గరికొచ్చేసరికి రెండు వాక్యాలకోసారి ఆగిపోతోంది.

"తలుపు చప్పుడైంది," అని చదివాడు సారు.

ఊ లేదు.

"ఊఁ అను మరి."

"ఎవ్వరొచ్చిండ్రో ఎర్క లేకుండ ఏమని ఊ గొట్టాలె?" అంది పుష్పమ్మ, వెనక్కి తిరక్కుండానే. "ఎవరది? ఆడోళ్లా, మొగోళ్లా? చేతుల ఏముంది? నాకు కండ్లు ఇటు దిక్కున్నయి గద."

సారుకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆవిడమీద అరవడానికి నోరు తెరిచి, తెరిచినవాడు తెరిచినట్టే ఆగిపోయాడు. రేడియో వినేవాళ్లందరూ ఇంతే కదా. అందరికీ కళ్లు పొయ్యి వైపే ఉంటాయి.

ఆ పూటే ఆయన ప్రతాప్‌కు ఒక తోడును పుట్టించాడు. చెన్నయ్య అని, చూపు సరిగా ఆనని ముసలి కూలీ. ప్రతాప్ పెట్టె మోస్తూ ఎక్కడికి పోతే అక్కడికి వస్తాడు. "ఎవరు బాబూ వచ్చింది?", "చేతిలో ఏముంది బాబూ?" అని గుసగుసగా అడుగుతుంటాడు. ప్రతాప్ గుసగుసగా జవాబిస్తుంటాడు. ప్రతాప్ గడ్డం పెట్టుకున్నప్పుడల్లా చెన్నయ్య చేత్తో తడిమి "ఇదేంటి బాబూ, పొద్దున లేదే" అంటాడు. దాంతో గొంతు ఎంత మారినా అది ప్రతాపేనని వినేవాళ్లకు తెలిసిపోతుంది. పుష్పమ్మ ఊ ఆగకుండా సాగింది. ఆమె అలవాటే చెన్నయ్య అయిందని సారు ఆమెకు చెప్పలేదు. చెబితే ఇంక కూర మాడినా దబాయిస్తుంది.

"ఈ చెన్నయ్య పాత్ర బావుందండీ," అన్నాడు ప్రొడ్యూసర్ గారు. "మూలంలో ఉన్నాడా?"

"ఉన్నాడండి," అన్నాడు సారు, రెప్ప వెయ్యకుండా.

అప్పటినుంచి ఇదే పాట అయింది. ఏ మాట మార్చమన్నా సారు ఒకటే అనేవాడు. మూలంలో ఇదే మాట ఉందండి, మార్చితే వాళ్లు ఒప్పుకోరు. వాళ్లెవరో ఆయనకూ తెలియదు, ప్రొడ్యూసర్ గారికీ తెలియదు. పురాణాలు రాసినప్పుడు వాక్యానికొక వంక పెట్టిన మనిషి, లండన్ పేరు చెప్పగానే కామా కూడా ముట్టుకోలేదు. ఇది చూసి సారు సంతోషించాలి. సారు ఇంకా మండిపడ్డాడు.

నాటకం ప్రసారం మొదలయ్యాక వికారాబాద్ తీరే మారింది. ధాన్యం గంజ్‌లో హమాలీలు పంచాయతీ రేడియో కింద కూచుని, ప్రతాప్‌ను పట్టించిన ద్రోహి ఎవరని కొట్టుకున్నంత పనిచేస్తున్నారు. ఎందుకంటే ప్రతాప్ ఎక్కడికి పోయినా శత్రువులకు ముందే తెలిసిపోతోంది. ఎవరో దగ్గరి మనిషే మోసం చేస్తున్నారు. హెడ్మాస్టరు గారు సారును వరండాలో ఆపి, ఇంటి ఓనరమ్మేనా అని చెవిలో అడిగాడు. రాస్తున్నది సారేనని స్కూల్లో అందరికీ తెలుసు. కాని రేడియో ఇంకా చెప్పలేదు. రేడియో చెబితేగాని సారుకు అది నిజం కాదు.

ఐదో భాగం అయింది. ఆరోది గురువారానికల్లా స్టేషన్లో ఉండాలి. లేకపోతే ఆ టైములో పాత పాటలు వేసుకుని, సారు మొహం మళ్లీ చూసేది లేదని ప్రొడ్యూసర్ గారు నవ్వుతూనే చెప్పాడు. ఆ నవ్వు చూసి సారు గుండెల్లో రాయి పడింది. ఎందుకంటే ఆరో భాగం కిషన్ ఇంకా చెప్పలేదు. ఒక ఆదివారం జ్వరమన్నాడు. ఇంకో ఆదివారం గుల్బర్గా పోయానన్నాడు. మధ్యలో సారు స్కూలు మానుకుని బుధవారం పోతే పంటి నొప్పి అని చెంప పట్టుకుని కూచున్నాడు, అదీ ఒకసారి కుడిచెంప, ఒకసారి ఎడమచెంప.

ఈ ఆదివారం సారు ఎవరికీ కబురు చెయ్యకుండా పొద్దుటి పాసింజరుకే తాండూరులో దిగాడు. స్టేషన్ బయట నాపరాళ్లు లారీలకు ఎక్కిస్తుంటే లేచిన తెల్లటి దుమ్ము ఒంటినిండా పడింది. దులుపుకోవడానికి కూడా ఆగలేదు.

"కిషన్ ఊర్ల లేడు సారూ," అంది కస్తూరమ్మ, పీట వేస్తూ. "రాండ్రి, కూసోండ్రి. చాయ పెడ్త."

కిషన్ లండన్ బూట్లు మిల్లు గోదాము గుమ్మం ముందే ఉన్నాయి. తాండూరు మొత్తంలో అట్లాంటి బూట్లు ఇంకో జత లేవు. గూఢచారి కథ చెప్పినవాడికి ఆమాత్రం తెలివి లేకపోయింది. సారు చెప్పులు విడిచి, గోదాములోకి పోయి, కందుల బస్తాల వెనక గొంతుక్కూచున్న శిష్యుణ్ణి చెవి పట్టుకుని లేపాడు. వాడికప్పుడు ఇరవై ఆరేళ్లు. చెవి మాత్రం ఎనిమిదో తరగతిలో ఎట్లా ఉండేదో అట్లాగే చేతికి దొరికింది.

"ద్రోహి ఎవరురా?"

"తెల్వది సార్."

"ఆఖరికి ఏమైతది?"

"తెల్వది సార్. అమ్మ తోడు."

"చూసినవ్ గద. చూసి తెల్వదంటే ఏంది?"

కిషన్ బస్తాకు ఆనుకుని నిలబడ్డాడు. చాలాసేపు నేలమీది కందులు కాలితో కదిపాడు.

"చూసిన సార్. గని ఇన్లే."

సారుకు అర్థం కాలేదు. చెవులు మూసుకుని చూశావా అని వెటకారంగా అడిగాడు.

"అద్దం బయట నిలవడి చూసిన. అది దుకాణం సార్. టెలివిజన్లు అమ్మే దుకాణం. షాపు మూసినంక గూడ ముందు అద్దంల ఒక పెట్టె నడుస్తనే ఉంటుండె. మంగళారం మంగళారం ఆడ నిలవడి చూస్తుంటి. సప్పుడు బయటికి రాదు."

అప్పుడు మిగతాదంతా బయటికొచ్చింది. మొదటి ఏడే పరీక్ష పోయింది. ఇంటికి రాయడానికి మొహం చెల్లలేదు. ఒక లాండ్రీలో చేరాడు. ఆసుపత్రి దుప్పట్లు ఉతికే పని. గదిలో ఐదుగురుండేవాళ్లు, ఎవడి షిఫ్టు వాడిది, ఎవడూ ఎవడితో మాట్లాడడు. పనిలోకి పోయే దారిలో ఆ దుకాణం. మంచులో జేబుల్లో చేతులు పెట్టుకుని నిలబడేవాడు. ఒకసారి పోలీసతను వచ్చి కదలమన్నాడు. ఓ చుట్టు తిరిగి మళ్లీ వచ్చి నిలబడ్డాడు. లోపల ఆ గూఢచారి కూడా పరాయి దేశంలో ఒంటిగా తిరుగుతుండేవాడు, అతనితో కూడా ఎవరూ మనసిచ్చి మాట్లాడినట్టు కనబడేది కాదు.

"నాకు ఆడ వాడొక్కడే దోస్తు సార్," అన్నాడు కిషన్. "వాళ్లు పెదాలు కదిపేటోళ్లు. ఏమంటుండ్రో నేనే అనుకుంటుంటి. ఆరు వారాలే అని పేపర్ల ఏసిండ్రు. ఆరో వారం పోయేవరకు అద్దంల టెలివిజన్ దీసి ఫ్రిజ్ పెట్టిండ్రు. వాడు ఇంటికి పోయిండో లేదో నాకు తెల్వనే తెల్వది."

సారుకు వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. ఐదు భాగాలు. అందులో ప్రతి మాటా తనది. మూలంలో ఉంది, మూలంలో ఉందని స్టేషన్ మెట్లన్నీ అరిగేలా తిరిగి చెప్పాడే, ఆ మూలంలో ఒక్క మాట కూడా లేదు. ఇంటి ఓనరమ్మ మాటిమాటికీ గడియారం చూసిందని, కాబట్టి ఆమెమీద అనుమానం రావాలని వీడు చెబితే రాశాడు. ఆమె పాపం పాలు పొయ్యిమీద పెట్టి చూసుకుంటోందేమో. ఆమెను వికారాబాద్ హమాలీలంతా బండబూతులు తిడుతున్నారు.

"మా అమ్మకు జెప్పకుండ్రి సార్," అన్నాడు కిషన్. "మీ కాల్మొక్త."

"నేనెందుకు చెప్తరా," అన్నాడు సారు. ఇంకేదో తిడదామనుకున్నాడు గాని, వాడి మొహం చూస్తే నోటికి తిట్టు రాలేదు. అది ఆయనకు ఇంకా చికాకు పుట్టించింది. చాయ తాగకుండానే స్టేషన్‌కు నడిచాడు.

సోమ, మంగళవారాలు సారు బడిలో పిల్లలకు చూచివ్రాత ఇచ్చి, బల్లమీద ఆరో భాగం రాశాడు. ద్రోహిని తేల్చడానికి ఎంతోసేపు పట్టలేదు. ఓనరమ్మే అన్నాడు, ఆమెకు మనసులో క్షమాపణ చెప్పుకున్నాడు. చిక్కంతా ఆ తర్వాత వచ్చింది. ప్రతాప్ పని ముగించుకుని ఇంటికొస్తాడు. తల్లి తలుపు తీసి, పరాయి దేశంలో ఇన్నాళ్లూ ఏం చేశావు నాయనా అని అడుగుతుంది. ప్రతాప్ ఏమనాలి? దేశసేవ అని రాసి కొట్టేశాడు. ధర్మం అని రాసి కొట్టేశాడు. పురాణాల్లో ఏళ్ల తరబడి నానిన చెయ్యి కదా, పెద్ద పెద్ద మాటలే వస్తున్నాయి. పుష్పమ్మ ఒక్కదానికీ ఊ కొట్టలేదు. గోదాములో విన్న మాట మాత్రం ఆయన చెవిలో జోరీగలా తిరుగుతూనే ఉంది.

రాయకూడదని ఆయనకు తెలుసు. అది ఒకడు కాళ్లమీద పడి దాచిపెట్టమన్న మాట. తాండూరులో కస్తూరమ్మ వింటుంది. అయినా రాశాడు. అంతకన్నా నిజమైన మాట ఆయనకు దొరకలేదు, దొరికినదాన్ని వదిలే మనసూ లేకపోయింది. రాసేవాళ్ల బుద్ధి అంత. కాగితం మడిచి సంచిలో పెట్టుకునేటప్పుడు ఆయనకు తనమీద తనకే రోత పుట్టింది, పెట్టుకోవడం మాత్రం పెట్టుకున్నాడు.

ప్రొడ్యూసర్ గారు ఆఖరి పేజీ రెండుసార్లు చదివాడు.

"ఈ మాట చాలా బావుంది మాష్టారూ. మూలంలో ఉందా?"

"ఉందండి," అన్నాడు సారు. ఈ ఒక్కసారే అది నిజం.

ప్రసారం రోజు సాయంత్రం వికారాబాద్‌లో హెడ్మాస్టరు గారు ఇంటికి రమ్మన్నాడు. స్టాఫంతా వస్తున్నారు, పూలదండ కూడా తెప్పించారట. సారు పోలేదు. చేసిన పనికి ఎదురుగా కూచోవాలనిపించి తాండూరు పాసింజరు ఎక్కాడు. పుష్పమ్మ దండ సంగతి చెప్పి వద్దంటుంటే ఆమెమీదా కస్సుమన్నాడు.

కస్తూరమ్మ ఇంట్లో పాతకాలపు పెద్ద రేడియో. స్విచ్ వేశాక లోపలి దీపాలు వేడెక్కి గొంతు రావడానికి చాలాసేపు పడుతుంది, అందుకని ముందే వేసి ఉంచారు. వీధివాళ్లు, మిల్లు హమాలీలు వాకిలినిండా కూచున్నారు. కిషన్ తల్లి పక్కన, రేడియోకు దగ్గరగా. సారును చూసి వాడు తేలిగ్గా నవ్వాడు. ముగింపు సారు తనంతట తనే ఏదో అల్లి ఉంటాడనుకున్నాడు. ఆ నవ్వు చూసి సారు ఎదురుగా కూచోలేక స్తంభం పక్కకు జరిగాడు.

ఓనరమ్మ దొరికిపోయింది. హమాలీలు చప్పట్లు కొట్టారు. చెన్నయ్య పెట్టె దించి సెలవు తీసుకున్నాడు. తలుపు చప్పుడైంది. ప్రతాప్ తల్లి అడిగింది.

"పరాయి దేశంలో ఇన్నాళ్లూ ఏం చేశావు నాయనా?"

"నిలబడి చూశానమ్మా," అంది రేడియో. "అద్దానికి బయట నిలబడి చూశాను. లోపల వాళ్ల పెదాలు కదిలేవి. ఒక్క మాటా నాకు వినబడేది కాదు. ఏమంటున్నారో నేనే అనుకునేవాణ్ణి."

కిషన్ తల తిప్పి సారును చూశాడు. ఆ చూపును రేడియోలో ఎట్లా రాయాలో సారుకు ఈ జన్మకు తెలియదు.

కస్తూరమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"పాపం, ఏ తల్లి కన్న కొడుకో," అంది. "గంత దూరం బోయి గట్ల నిలవడ్డడట. నా కిషన్‌ను మాత్రం దేవుడు సల్లగ జూసిండు."

సంగీతం లేచింది, తగ్గింది. అనౌన్సరు గొంతు సవరించుకుంది.

"ఇంతవరకు మీరు విన్న ధారావాహిక నాటకం..."

సారు స్తంభం వదిలి ముందుకు వంగాడు. పదేళ్ల పైమాటు. ఇంకొక్క వాక్యం.

కిషన్ లేచి రేడియో కట్టేశాడు.

సారు చెయ్యి తనంతట తనే ముందుకు పోయింది. పోయి, గాలిలోనే ఆగింది. మళ్లీ వేసినా అది వేడెక్కేలోపు పేర్లన్నీ అయిపోతాయి. ఒక్క నిమిషం ఆగలేకపోయాడా వీడు? నాలుగేళ్లు దాచినవాడికి ఇంకో నిమిషం దాచడానికి ఏమొచ్చింది? సారు కళ్లలో నీళ్లు తిరిగాయి, కోపంతోనో దేంతోనో ఆయనకే తెలియలేదు.

"అమ్మా," అన్నాడు కిషన్. "గా మాట సారు రాసింది గాదు. గా మాట నాది."

కస్తూరమ్మ కొడుకును చూసింది, ఏమీ తెలియక సారు వైపు తిరిగింది.

"ఏంది సారూ, వీడు గిట్లంటుండు?"

కావాలనుకుంటే సారు ఇప్పుడు కూడా అడ్డం పడొచ్చు. నాటకం మాటలమ్మా, వాడికి తల తిరిగినట్టుంది అనొచ్చు. జన్మలో మొదటిసారి తన పేరు రేడియోలో పలికిన క్షణం అది, తనొక్కడే వినని క్షణం.

"నిజమే అమ్మా," అన్నాడు. "నేను రాసింది గాదు. వాడిదే."

హమాలీలు ఒకరి వెనక ఒకరు లేచి, చప్పుడు చెయ్యకుండా బయటికి పోయారు. కస్తూరమ్మకు నెమ్మదిగా తెలిసొచ్చింది. చదువు గురించి అడగలేదు, ఓడ గురించి అడగలేదు. కొడుకు చేతులు రెండూ పట్టుకుని తిప్పి చూసింది.

"సలిలనే నిలవడుంటివా?"

"సలిలనే అమ్మా."

"నేను ఉన్ని స్వెట్టరు అల్లి పంపితి గద. అదన్న ఏసుకుంటివా, లేదా?"

"ఏసుకుంటి," అన్నాడు కిషన్.